వంటింటికి ఎత్తు స్టూలు: పాతదా? కొత్తదా?

జమ్మలమడుగు: వెనకటి రోజుల్లో మన పల్లెల్లో వంట అంటే నేల మీది పని. మూడు రాళ్ల పొయ్యి ముందర జానెడెత్తు పీట, పక్కన కత్తిపీట, చేతికందేంత దూరంలో ఉప్పు చట్టి, చింతపండు కుండ. కూచున్న మనిషి కూచున్నట్టే అన్నీ అందుకునేది. ఇప్పుడా పొయ్యి నడుమెత్తు గట్టు మీదికి ఎక్కింది. దానితోపాటు వంట చేసే ఆడమనిషీ లేచి నిలబడింది. పొద్దున ఐదింటికి నిలబడితే పిల్లలను బడికి, పెద్దలను చేనికి పంపేదాకా మళ్లీ కూచునే యోగం లేదు.

మోకాళ్లు పట్టేస్తున్నాయని, మడమలు గుంజుతున్నాయని నలభై దాటిన గృహిణులు చెప్పడం ఇప్పుడు ప్రతి వీధిలోనూ వినిపించే మాటే. కింద కూచుంటే లేవలేరు, నిలబడితే ఓర్చలేరు. ఈ రెండింటికీ నడుమ ఉన్న ఉపాయం ఎత్తు స్టూలు. పట్నాల్లో దీన్ని 'బారు స్టూలు' అంటున్నారు. ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు ఫర్నిచరు దుకాణాల్లో రంగురంగులవి వరసగా పెట్టి ఉంటాయి. మరోపక్క తాతల కాలపు కొయ్య స్టూళ్లు అటకల మీద, గొడ్ల కొట్టాల్లో దుమ్ము పట్టి పడి ఉన్నాయి. దేన్ని ఇంట్లోకి తెచ్చుకోవాలన్నది చిన్న సంగతిగా కనిపించవచ్చు. కానీ ఎంపిక తప్పితే చెయ్యి విరుగుతుంది. ఈ విలేకరి ఇంట్లోనే అది జరిగింది.

పేరు చూసి బెదరనక్కరలేదు

'బారు' అన్న మాట వినగానే ముఖం చిట్లించే ఆడవాళ్లు మన జిల్లాలో చాలామంది. అందులో తప్పు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మన పల్లెల దాకా పాకింది. 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ రోజులు చూసిన అవ్వలకు బారు అనే పేరున్న వస్తువు ఇంట్లో పెట్టడం ఇష్టం ఉండకపోవడం సహజమే.

నిజానికి ఇంగ్లీషులో బారు అంటే అడ్డంగా వేసిన బల్ల, అంతే. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ ఉండే అడ్డబల్ల ముందర కూచునేందుకు చేసిన స్టూలు గనక ఆ పేరు వచ్చింది. చిల్లర అంగడిలో గల్లా పెట్టె వెనకా, కాలేజీ సైన్సు గదిలోనూ, లెక్కలు రాసే గుమాస్తా ఎత్తు బల్ల ముందరా ఇదే స్టూలు ఎప్పటి నుంచో ఉంది. మన వాళ్లు దాన్ని ఉట్టినే 'ఎత్తు స్టూలు' అన్నారు. మనమూ అట్లాగే అందాం.

గ్యాసుతో వచ్చిన గట్టు

వంటింట్లో గట్టు ఎందుకు లేచిందో తెలిస్తే స్టూలు ఎత్తు సంగతి సులువుగా అర్థమవుతుంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. గ్యాసు పొయ్యి ఎప్పుడూ సిలిండరు కంటే ఎత్తున ఉండాలన్నది భద్రతా నియమం. గ్యాసు బండ నేల మీద ఉంటే పొయ్యి దాని తలకు పైన ఉండాలి. అంటే గట్టు తప్పదు. అట్లా పొయ్యి లేచింది.

గట్టుకు కావలసిన రాయి మన కాళ్ల కిందే ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి నల్ల బండలు, బేతంచెర్ల నుంచి మరో రకం బండలు దేశమంతా పోతున్నాయి. తమిళనాడులోనైనా, మహారాష్ట్రలోనైనా వంటగట్టుకు వేసే నల్లరాయిని 'కడప' అనే పిలుస్తారు. మన జిల్లా పేరు మీద నిలబడి లక్షల ఇళ్లలో వంట జరుగుతోందన్న మాట. ఈ కడప, కర్నూలు రాళ్ల పొరలన్నింటినీ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త తిరిగి చూసి 1872లోనే పెద్ద పుస్తకం రాశాడు. ఇది సున్నపురాయి జాతి. అందుకే నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పడుతుంది. రాయి నకిలీదని బండల అంగడివాడితో జగడానికి పోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మేస్త్రీలు గట్టును సాధారణంగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తున కడతారు. నిలబడిన మనిషికి అది సరిపోతుంది. కూచోవాలంటేనే లెక్క మారుతుంది.

ముందు టేపు, తర్వాత దుకాణం

దుకాణాల్లో 'బారు స్టూలు' పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం 28 నుంచి 30 అంగుళాల ఎత్తువి. ఇవి 40, 42 అంగుళాల ఎత్తు బల్లకు చేసినవి. అంత ఎత్తు బల్ల హోటళ్లలోనే ఉంటుంది, మన ఇళ్లలో ఉండదు. 33 అంగుళాల గట్టు ముందర 30 అంగుళాల స్టూలు వేసుకుంటే మనిషి గట్టుకు పైన కూచున్నట్టే. నడుము వంచి, మెడ వంచి పని చేయాలి. మోకాళ్ల నొప్పికని తెచ్చిన వస్తువు నడుమునొప్పి తెస్తుంది.

కూచునే పలకకూ గట్టు పైఅంచుకూ నడుమ 10 నుంచి 12 అంగుళాల ఎడం ఉండాలి. మన కొలతలో ఒక జానా మూడు వేళ్లు. 33 అంగుళాల గట్టుకు 22, 23 అంగుళాల స్టూలు చాలు. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి టేపు కూడా అవసరం లేదు. స్టూలు మీద నిటారుగా కూచుని చెయ్యి మడిస్తే మోచెయ్యి గట్టు పైకి రెండు మూడు వేళ్ల ఎత్తున ఉండాలి. భుజం ఎగబట్టవలసి వస్తే స్టూలు పొట్టి, నడుము వంచవలసి వస్తే పొడుగు.

రెండో కొలత కాళ్లది. ఎత్తు స్టూలు మీద పాదాలు నేలకు ఆనవు. పాదాలు వేలాడితే తొడల కింద ఒత్తుకుపోయి తిమ్మిరెక్కుతాయి. అందుకని కాళ్లు పెట్టుకునే అడ్డపట్టీ ఉండాలి. ఆ పట్టీ పలకకు 16, 17 అంగుళాల కింద ఉంటేనే మన ఆడవాళ్ల పాదం దాని మీద నిలుస్తుంది. దుకాణంలో మగవాడు కూచుని చూసి 'బాగుంది' అని కొనుక్కొచ్చేస్తాడు. ఇంట్లో కూచునే మనిషి కాళ్లు పొట్టివి. ఎవరు కూచుంటారో వాళ్లనే వెంటబెట్టుకొని పోవడం మంచిది.

ఈ విలేకరి చేసిన తప్పు సరిగ్గా ఇదే. మూడేళ్ల కిందట పట్నంలో ఒక దుకాణంలో మెరిసే ఎర్ర రంగు ఇనుప స్టూలు చూసి, కొలత లేకుండా, అమ్మను అడక్కుండా బస్సు టాపు మీద వేసుకొచ్చాను. అమ్మ చూసి, "గుర్రమెక్కినట్టుంటాది కదరా అబ్బీ" అనింది. అయినా కొడుకు తెచ్చినాడని ఎక్కింది. నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదో రోజు దిగేటప్పుడు ఒక కాలు అడ్డపట్టీ మీద పెట్టి బరువంతా ఒక పక్కకు వేసింది. స్టూలు ఆ పక్కకే ఒరిగింది. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. దుకాణం వాడిని తిట్టుకుని లాభం లేదు. నేను టేపు పట్టుకొని పోలేదు.

ఆ స్టూలుకు తర్వాత కొలత పెడితే ఎత్తు 30 అంగుళాలు. కింద కాళ్ల నడుమ ఎడం మాత్రం 13 అంగుళాలే. ఎత్తు పెరిగిన కొద్దీ కింద కాళ్లు ఎడంగా ఉండాలని బండి తోలే ప్రతి రైతుకూ తెలుసు. గడ్డి బండి ఎత్తుగా వేస్తే చక్రాల నడుమ వెడల్పే దాన్ని కాపాడుతుంది. కూచునే పలక కంటే కింద కాళ్ల వెడల్పు ఎక్కువ లేని ఎత్తు స్టూలును, అది ఎంత అందంగా ఉన్నా, కొనకూడదు.

మూడు కాళ్లా, నాలుగు కాళ్లా

మన ఇళ్లకు మరో చిక్కుంది. పాత ఇళ్లలో నేలకు వేసిన బండలు నునుపు చేసినవి కావు, గనిలో పొర లేచినట్టే తెచ్చి పరిచినవి. ఒక బండ వేలెడు పైకి, ఇంకోటి కిందికి. అట్లాంటి నేల మీద నాలుగు కాళ్ల స్టూలు ఏదో ఒక కాలు ఎత్తిపెట్టి ఊగుతూనే ఉంటుంది. మూడు కాళ్లది ఎక్కడ పెట్టినా ఊగదు. మూడు మొనలు ఎట్లాంటి నేల మీదనైనా ఒకేసారి ఆనతాయి. పాలు పితికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు ముక్కాలి పీటనే ఎందుకు వాడారో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే ముక్కాలి పీట పొట్టిది కాబట్టి చెల్లింది. రెండడుగుల ఎత్తున మూడు కాళ్లు పెడితే, ఊగదు గానీ రెండు కాళ్ల నడుమ ఖాళీ వైపు ఒరిగితే నేరుగా పడిపోతుంది. ముసలివాళ్లకు అది పనికిరాదు. ఎత్తు స్టూలుకు నాలుగు కాళ్లే ఉండాలి, ఊగే చోట కాలి కింద రబ్బరు ముక్క వేసుకోవాలి. ఇంకా మంచిది ఏమిటంటే, స్టూలు వేసే చోట మాత్రం రెండు బండలు సమంగా తిరగవేయించుకోవడం. పూట పని.

ఇప్పుడు కొత్తగా వస్తున్న ఒంటికాలి స్టూళ్లు, కింద గుండ్రటి ఇనుప పళ్లెం, నడుమ ఒకే గొట్టం, మీట నొక్కితే పైకీ కిందికీ పోయేవి, ఈ బండల మీద అసలు నిలవవు. నున్నటి టైల్సు మీద నిలుస్తాయి. కానీ పలక గిరగిరా తిరుగుతుంది. పొయ్యి మీద నూనె బాండలి ఉన్నప్పుడు కింద పలక తిరగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. బార్బరు షాపుకు అది బాగుంటుంది.

పాతదాన్ని చూసేదెట్లా

అమ్మ చెయ్యి కట్టుతో ఉండగా, చిన్నాయన మూసేసిన చిల్లర అంగడిలో ఒక పాత స్టూలు బయటపడింది. గల్లా పెట్టె వెనక ముప్పై ఏళ్లకు పైగా ఆయన కూచున్నది. నల్లతుమ్మ కాళ్లు, వేప పలక. పైన నాలుగు పొరల రంగు. దాన్ని తెచ్చి వాకిట్లో వేస్తే అమ్మ, "దూరంగా పెట్టు" అనింది. స్టూలంటేనే భయం పట్టుకుంది.

పాత స్టూలు దొరికినప్పుడు పైరంగు చూడకూడదు. తలకిందులు చేసి అడుగు చూడాలి. మా ఊరి వడ్ల ఆచారి చేసింది అదే. మొదట గోటితో, తర్వాత ఉలి మొనతో కాళ్ల అడుగులు గుచ్చి చూశాడు. చెదలు నేల నుంచే ఎక్కుతాయి గనక కాలి అడుగు మెత్తబడిందంటే లోపల డొల్ల. తర్వాత సన్నని రంధ్రాల కోసం వెతికి, ఒక దెబ్బ కొట్టి చూశాడు. పసుపుపచ్చ పిండి రాలితే పుచ్చు పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. అట్లాంటిది ఇంట్లోకి తెస్తే ద్వారబంధాలకూ అంటుకుంటుంది. ఆ తర్వాత రెండు ఎదురెదురు కాళ్లు పట్టుకొని బట్ట పిండినట్టు మెలిపెట్టాడు. కిర్రుమన్నా ఫరవాలేదట, కదిలితేనే పని ఉందట.

అతుకుల్లో ఇనుప మేకులు కనిపిస్తే అది మంచి గుర్తు కాదు. మొదట చేసినవాడు కొయ్యకు తూటు పెట్టి, మరో కొయ్యను అందులో బిగించి, అడ్డంగా చెక్కమేకు కొట్టి ఉంటాడు. వదులైన తర్వాత వచ్చినవాడు తొందరపడి ఇనుప మేకు దిగ్గొడతాడు. దాంతో కొయ్య నిలువునా చీలుతుంది. తుమ్మకు ఈ బాధ ఎక్కువ. బండి చక్రాలకు, మడక కర్రలకు వాడే కొయ్య గనక గట్టితనానికి తిరుగులేదు గానీ మేకును భరించదు. వేపకు చేదు ఉండబట్టి పురుగు తక్కువ. కాకపోతే పచ్చి కొయ్యతో చేసింది వంకర తిరుగుతుంది. ముప్పై ఏళ్ల నాటి వేప పలక తిరగవలసిన వంకర ఎప్పుడో తిరిగేసి ఉంటుంది. పాత కొయ్యలో ఉండే లాభం అదే. నల్లమల టేకు దొరికితే అంతకంటే కావలసింది లేదు, ఆ పేరు చెప్పి అమ్మే రంగు వేసిన నాటు కొయ్య మాత్రం చాలా ఉంది. రంగు లేని అడుగు వైపు గీరి చూస్తే బయటపడుతుంది.

ఒక హెచ్చరిక. రాజంపేట, రైల్వే కోడూరు వైపు ఎర్రచందనం స్టూలు చవగ్గా ఇస్తామని ఎవరైనా చెవిలో చెబితే ఆ దారిన పోవద్దు. అనుమతి కాగితం లేని ఎర్రచందనం ఇంట్లో దొరికితే అటవీ శాఖ కేసు తప్పదు. స్టూలు మీద కూచోబోయి కోర్టు బెంచీ మీద కూచోవలసి వస్తుంది.

పాత రంగు సంగతి కూడా తెలుసుకోవాలి. వెనకటి ఎనామిలు రంగుల్లో సీసం కలిసి ఉండేది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు రంగును ఉప్పు కాగితంతో పొడిపొడిగా రుద్దితే ఆ దుమ్ము పసిపిల్లల ఒంట్లో చేరుతుంది. నీళ్లు తడుపుతూ, ఊరి బయట రుద్ది, ఆ పొట్టును గుంతలో పూడ్చాలి. పొయ్యిలో వేయకూడదు.

ఆరంగుళాలు కోసిన కథ

చిన్నాయన స్టూలు ఎత్తు 29 అంగుళాలు. మా గట్టు 33. ఆరంగుళాలు తీసేస్తే 23కు వస్తుంది. ఇనుప స్టూలును ఇట్లా కోయాలంటే వెల్డింగు దుకాణానికి పోవాలి, కోసినచోట తుప్పు మొదలవుతుంది. కొయ్యకు ఆ బాధ లేదు. మనిషి కొలతకు వస్తువును తగ్గించుకోవచ్చు.

కోసేముందు ఆచారి చూసింది అడ్డపట్టీని. నేలకు 13 అంగుళాల ఎత్తున ఉంది. కోస్తే ఏడుకు వస్తుంది, పలకకూ పట్టీకీ నడుమ 16 అంగుళాలు అట్లాగే ఉంటుంది. పట్టీ ఇంకా కింద ఉండి ఉంటే కోతలో పట్టీయే పోయేది. కాళ్లు కిందికి ఏటవాలుగా ఎడమైనందువల్ల కోస్తే వెడల్పు కొంచెం తగ్గింది, అయినా పలక కంటే మూడంగుళాలు ఎక్కువే మిగిలింది.

నాలుగు కాళ్లూ సమంగా కోయడం వినడానికి సులువు, చేయడానికి కష్టం. ఒక కాలు పొడుగైందని దాన్ని కోసి, ఇంకోటి పొడుగైందని దాన్ని కోసి, చివరకు పీట చేసుకున్నవాళ్లు ఉన్నారు. ఆచారి స్టూలును సమమైన బండ మీద నిలబెట్టాడు. ఆరంగుళాల మందం చెక్కదిమ్మె తీసుకొని, దాని మీద పెన్సిలు ఆనించి, దిమ్మెను నేల మీదే జరుపుతూ నాలుగు కాళ్ల చుట్టూ గీత గీశాడు. ఆ గీత మీదే రంపం. ఏటవాలు కాళ్లకు కోత కూడా ఏటవాలుగా తనంతట తానే వచ్చింది. కింద పాత సైకిలు టైరు ముక్కలు అంటించి, పలకను చిత్రిక పట్టి, అవిసె నూనె రుద్దాడు. అంతా కలిపి ఆయన తీసుకుంది రెండు రోజుల కూలి.

కొత్తవాటిలో ఏవి మేలు

పాతది దొరకని ఇళ్లూ ఉంటాయి. కొత్తవాటిని మొత్తంగా తీసిపారేయడం న్యాయం కాదు. ఇనుప గొట్టాల స్టూలు కొనేటప్పుడు గేజీ అడగాలి. గేజీ సంఖ్య పెరిగితే రేకు పలచబడుతుంది. 16 గేజీ అంటే దాదాపు 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2. ఎత్తు స్టూలుకు 18 కంటే పలచనిది వద్దు. వెల్డింగు అతుకు చుట్టూరా ఉందా, నాలుగు టాకాలు వేసి రంగు పూశారా అన్నది వేలితో తడిమితే తెలుస్తుంది. గొట్టం అడుగున రబ్బరు బుష్షులు ఉండాలి. అవి ఊడిపోతే ఇల్లు తుడిచిన నీళ్లు గొట్టంలోకి ఎక్కి లోపల నుంచి తుప్పు తింటుంది. బయటకు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

రేకును వంచి, నడుమ తూట్లు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చుకునే స్టూళ్లు ఇప్పుడు టీ హోటళ్లలోనూ కనిపిస్తున్నాయి. ఫ్రాన్సులో టోలిక్స్ అనే కంపెనీ పెట్టిన జేవియర్ పోషార్ 1930లలో చేసిన రేకు కుర్చీల పోకడకు ఇవి నకళ్లు. అసలువాటికి తుప్పు పట్టకుండా జింకు పూత వేసేవారు. మనకు వచ్చే నకళ్లకు చాలావాటికి రంగే దిక్కు. ఎండాకాలం వాకిట్లో వేస్తే వాటి మీద అట్టు కాల్చుకోవచ్చు.

పాత మోజు పేరుతో అమ్మే వంచిన కొయ్య స్టూళ్లూ ఉన్నాయి. హైదరాబాదు, బొంబాయి ఇరానీ హోటళ్లలో ఛాయ్ తాగినవాళ్లకు ఆ వంపు కుర్చీలు గుర్తుంటాయి. ఆస్ట్రియాకు చెందిన మైకేల్ థోనెట్ కొయ్యను ఆవిరి పట్టి వంచే పద్ధతితో 1859లో చేసిన కుర్చీ వాటికి మూలం. మరలతో బిగించేవి గనక మరలు బిగిస్తూ ఉంటే తరతరాలు వస్తాయి. ఇప్పుడు ఆ పేరుతో వచ్చేవాటిలో ఇనుపగొట్టానికి కొయ్య రంగు పూసినవి కూడా ఉన్నాయి. చేత్తో తట్టి శబ్దం వినాలి.

ప్లాస్టిక్ స్టూలు తేలిక, కడగడానికి సులువు. కానీ మన ఎండకు రెండు మూడేళ్లలో పెళుసుబారుతుంది. రంగు వెలిసి, గోటితో గీరితే తెల్లగా పొడి లేస్తే దాని పని అయిపోయినట్టే. పొట్టి స్టూలు విరిగితే నవ్వుకుంటాం. రెండడుగుల ఎత్తుది విరిగితే నవ్వు రాదు. పొయ్యి దగ్గర ప్లాస్టిక్ అసలే పెట్టకూడదు.

బండల ఊళ్లలో ఉండి బండతో స్టూలు చేయించుకోకూడదా అని అడిగినవాళ్లున్నారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళంన్నర మందం బండ తొమ్మిదిన్నర కిలోల దాకా తూగుతుంది. అంత బరువు పైన పెడితే స్టూలు తలబరువై చిన్న తోపుకే ఒరుగుతుంది. వాకిట్లో ఇటుక కట్టి పైన బండ వేస్తే మాత్రం దానంత గట్టిది లేదు.

సంగటి కిందికి దించాల్సిందే

ఎత్తు స్టూలు మీద కూచుని అన్ని పనులూ జరగవని ముందే చెప్పుకోవాలి. కూరగాయలు తరగడం, చిక్కుడు కాయలు ఒలవడం, పాలు కాచడం, దోసెలు పోయడం, తాలింపు పెట్టడం, వీటికి బ్రహ్మాండంగా ఉంటుంది. రాగి సంగటి మాత్రం కుదరదు. సంగటి గెలకడానికి పైనుంచి ఒళ్లంతటి బలం తెడ్డు మీద పడాలి. స్టూలు మీది నుంచి ఆ బలం వేస్తే స్టూలే వెనక్కు పోతుంది. గిన్నెను నేల మీదికి దించి, పాత పీట మీద కూచుని గెలకాల్సిందే. ఆ నాలుగు నిమిషాలు కోడలో, కొడుకో గెలికితే ఇంకా మంచిది. జొన్నరొట్టె తట్టేదీ అంతే, కొందరికి గట్టు మీద చెయ్యి కుదరదు.

మరొకటి గట్టు కింది గూళ్లు. మన మేస్త్రీలు గట్టు కింద బారునా గూళ్లు కట్టి బండలు అడ్డం పెడతారు. స్టూలు వేసుకుంటే మోకాళ్లు ఆ బండకు తగులుతాయి, మనిషి పక్కకు తిరిగి కూచుని నడుము మెలిపెట్టవలసి వస్తుంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లు రెండడుగుల వెడల్పు ఒక గూడు ఖాళీగా వదలమని మేస్త్రీకి ముందే చెప్పాలి. పొయ్యి కింది గూడు కాదు, దాని పక్కది. మా ఇంట్లో ఒక అడ్డబండ తీయించాం. ఆ బండ ఇప్పుడు బట్టలుతికే చోట ఉంది.

'కూచొని వంట చేసేదేంది?'

అమ్మ చివరకు ఆ కోసిన స్టూలు మీద కూచుంది. అయితే మొదటి నెల ఎవరైనా వస్తున్న అలికిడైతే లేచి నిలబడేది. అడిగితే, "కూచొని వంట చేసేదేంది, ఊరు నవ్వదా" అనింది. అరుగు మీద పొద్దస్తమానం కూచునే మగవాళ్లను చూసి ఊరు నవ్విన దాఖలా లేదు.

కూచొని చేసే పనికి మన నేలలో మర్యాద లేకపోలేదు. మాధవరంలో, పుల్లంపేటలో, ఎమ్మిగనూరులో గుంత మగ్గం ముందర నేతపనివారు గట్టున కూచుని కాళ్లు గుంతలోకి వేలాడేసుకుని నేస్తారు. నేలను తవ్వి ఎత్తు స్టూలు చేసుకున్నారన్న మాట. నిలబడి నేయమని వాళ్లను ఎవరూ అనలేదు.

ఫ్లోరైడు నీళ్లు తాగిన ఊళ్లలో ఈ స్టూలు అవసరం ఇంకా ఎక్కువ. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాశారు. మన వైపు కూడా పులివెందుల చుట్టుపక్కల కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో అది ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. వెన్ను వంగదు, మోకాలు మడవదు. అట్లాంటి మనిషికి నేల మీది పీట పనికిరాదు. అంత ఎత్తు కూడా ఎక్కలేకపోతే 20 అంగుళాల స్టూలు వేసి, పక్కన దానికి తగ్గ చిన్న బల్ల పెట్టి కూరలు తరుక్కునేటట్టు చేయాలి. లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఇనుప కడ్డీ ఒకటి బిగిస్తే మరీ మంచిది. స్టూలుకయ్యే ఖర్చులో అది నాలుగో వంతు కూడా కాదు.

ఎత్తు స్టూలు ఇంట్లో ఉంటే అటక మీది సామాను దించడానికి పిల్లలు దాన్నే ఎక్కుతారు. అది నిచ్చెన కాదని వాళ్లకు గట్టిగా చెప్పాలి. వంట కాగానే గూట్లోకి తోసేస్తే ఎవరి కాళ్లకూ అడ్డం పడదు.

ఎర్ర స్టూలు ఇప్పటికీ ఉంది. దాని మీద తులసి కుండీ పెట్టాం. కోసిన ఆ నాలుగు తుమ్మ ముక్కలను అమ్మ పారేయనివ్వలేదు. నేల చెమ్మ తగలకుండా బియ్యం డ్రమ్ము కింద పెట్టింది. మొన్న మా ఎదురింటి అత్త నవారు ముక్క ఒకటి పట్టుకొని వచ్చి అమ్మ స్టూలుకు కొలత పెట్టుకుని పోయింది. వాళ్ల గట్టు మాదానికంటే రెండంగుళాలు ఎత్తు, ఆ సంగతి చెప్పడానికి ఈ విలేకరి వెనకాలే పరుగెత్తవలసి వచ్చింది.